నాలుగు వేళ్ళు తగ్గించిన తలుపు

నేను ఒక మామూలు గాజు పలకను. ఇప్పుడు పలకనని చెప్పుకోవడం కూడా పెద్ద మాటే. ఒక ప్రహరీ గోడ నెత్తిన, సిమెంటులో నడుం దాకా కూరుకుపోయి, అరచేయంత ముక్కగా నిలబడి ఉన్నాను. నా పక్కన సోడా సీసాల అడుగులు, పచ్చరంగు ముక్కలు రెండు మూడు. దొంగలూ పిల్లులూ దూకకుండా మమ్మల్ని ఇక్కడ కాపలా పెట్టారు. అంతకు ముందు నేను చీరాలలో ఒక చీరల కొట్టుకి తలుపుని. నా గురించి చెప్పుకోవాల్సినంత ఏమీ లేదు. ఒకామె కుడిచేయి గురించి ఉంది. అది చెప్పడానికే ఇదంతా.

నా పుట్టిల్లు ఇక్కడికి దూరమేమీ కాదు. సరుగుడు తోపులు దాటి వెళితే సముద్రం ఒడ్డున తెల్లటి ఇసుక ఉంటుంది. నేను అదే. ఎన్నాళ్ళు అక్కడ పడి ఉన్నానో, ఎన్ని పీతలు నాలో బొరియలు తవ్వుకున్నాయో. ఒకరోజు లారీకెత్తి ఏ ఊరికో తీసుకుపోయి, సున్నపురాయీ సోడా కలిపి కొలిమిలో మరిగించి, కరిగిన తగరం మీదకి పాకంలాగా వదిలారు. తగరం మీద తేలుతూ చల్లారాను. అందుకే నా ఒళ్ళు అంత నున్నగా వచ్చింది. నా అవతల ఏముందో తప్ప నేనున్నానన్న సంగతి ఎవరికీ తెలియనంత నున్నగా.

మాలో కొన్ని పలకల్ని అక్కడితో వదిలిపెట్టరు. కొలతకి కోసి, మళ్ళీ నిప్పుల్లో పెట్టి, బయటికి తీస్తూనే రెండు వైపులా చల్లగాలి కొడతారు. ఆ బాధ పడ్డ గాజు గట్టిపడుతుంది. పగలదని కాదు. పగిలితే మొక్కజొన్న గింజల్లాగా పొలపొలా రాలిపోతుంది తప్ప మనిషిని లోతుగా కోయదు. దాని మూలన చెరగని ముద్ర ఒకటి వేస్తారు. నాకు ఆ రెండో నిప్పు దక్కలేదు, మూలన ముద్ర లేదు. పగిలితే నేను కత్తులవుతాను. అదేమీ నా తప్పు కాదు. బీరువా తలుపుకో, దేవుడి పటానికో, చెయ్యందని కిటికీకో పెట్టుకుంటే నాతో ఎవరికీ పేచీ లేదు.

ఈ సంగతి మనుషులకి తెలియక కాదు. తెలిసే, రక్తం చూసే, చట్టం రాసుకున్నారు. తలుపుకి, తలుపు పక్క పలకకి, మోకాలి కన్నా కిందికి దిగిన అద్దానికి, ఎక్కడైతే మనిషి ఒళ్ళు వచ్చి తగలొచ్చో అక్కడ ముద్ర ఉన్న గాజే పెట్టాలని. ఆపైన, కంటి ఎత్తులో ఏదో ఒక గుర్తు ఉండాలని. ఎందుకంటే మనిషి అద్దాన్ని చూసి ఆగడు, అద్దంలోంచి చూసి నడుస్తాడు. ఇంత బాగా తెలిసినవాళ్ళు ఇక తప్పు చేయరనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

కొట్టు మాల్యాద్రిది. నేతగాళ్ళ ఇంటి బిడ్డ. మోపెడు వెనక చీరల మూట కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మి, చివరికి మెయిన్ రోడ్డు మీద సొంత కొట్టు కట్టుకున్నాడు. కొట్టు వెనక దొడ్డి, దొడ్డిలో అక్క నాగరత్నం ఇల్లు. నాగరత్నం మొగుడు సూరత్ మరమగ్గాల పనికని వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఆమె ఏడ్చిందో లేదో గాని మగ్గం మాత్రం ఆపలేదు. ఆ మగ్గం మీదనే తల్లిలేని తమ్ముణ్ణి చదివించింది, తన కూడు తను తింది. "ఈ చెయ్యి ఆడినన్నాళ్ళు నేను ఎవరి మోచేతి నీళ్ళూ తాగను" అనేది. అన్నం తమ్ముడింట్లో తినమంటే తినేది కాదు. పండగకి కూర గిన్నె పంపితే, గిన్నెలో ఏదో ఒకటి వేసే తిరిగి పంపేది.

కొట్టు కట్టేటప్పుడు మాల్యాద్రికి ఒక ఆలోచన వచ్చింది. కొట్టులోనే ఓ మూల మగ్గం వేయించి అక్కని కూర్చోబెడితే, వచ్చినవాళ్ళు చూసి ముచ్చటపడతారని.

"బొమ్మల కొలువులో బొమ్మననుకున్నావంట్రా నన్ను?" అంది నాగరత్నం.

"అదిగాదక్కా, నేసిన చీర నేసినట్టు అక్కడే అమ్ముడుపోద్ది."

"అట్టా అయితే వస్తా. ఊరికే మగ్గం మీద నాడె ఆడిచ్చి చూపియ్యమంటే మాత్రం నావల్ల కాదు."

అలా ఒప్పందం కుదిరింది.

ముందు ఆ తలుపుకి రావలసింది నేను కాదు. ఇంజనీరు జానీబాషా గారు మనిషి నిదానస్తుడు, నియమం దగ్గర మాత్రం మొండి. ఆయన చెబితే మాల్యాద్రి బెజవాడలో కొలతకి ముద్ర ఉన్న పలకే చేయించి తెప్పించాడు. అది వచ్చి గోడకి చేరబడి ఉంది. మర్నాడు బిగిస్తారనగా వాస్తు చూసే శేషాచారి గారు టేపు పట్టుకుని దిగారు. తలుపు కొలిచి, వేళ్ళ కణుపుల మీద లెక్కేసి, నిట్టూర్చారు.

"ఆయం కుదరలేదు నాయనా. నాలుగు వేళ్ళు తగ్గించాలి. ఇట్టాగే ఉంచావనుకో, వచ్చిన లక్ష్మి వచ్చినట్టే ఎళ్ళిపోద్ది."

"తగ్గియ్యకపోతే కుదరదంటారా ఆచారిగారూ?"

"నాదేం పోయింది? కొట్టు నీది."

ఆ ఒక్క మాటతో మనిషి పని అయిపోతుంది. మేస్త్రి వచ్చి ద్వారం ఓ పక్క నాలుగు వేళ్ళు పూడ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది మాల్యాద్రికి, గోడకి చేరబడి ఉన్న పలక సంగతి. జానీబాషా గారిని పిలిపించాడు.

"కొయ్యడానికి కుదరదు" అన్నాడాయన. "రెండో నిప్పు చూసిన గాజు మీద గీత పెడితే మొత్తం రాలిపోద్ది. కొత్త కొలతకి మళ్ళీ చేయించాల్సిందే. పదిరోజులు పట్టుద్ది."

"పదిరోజులా సార్? ఎల్లుండి దాటితే శుక్రమూఢం. మూఢంలో కొట్టు తెరుస్తారా ఎవరన్నా?"

"ఎల్లుండే తెరువు. గ్లాసు వచ్చిందాకా తలుపు లేకుండా నడుపు. రాత్రిళ్ళు షట్టరుందిగా."

"ప్రారంభం రోజున తలుపు లేకుండానా? పీనుగు లేచిన కొంపలాగా ఉంటది సార్."

జానీబాషా గారు స్కూటరు తాళం తీశాడు. "మామూలు గ్లాసు మాత్రం పెట్టబాకు" అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. ఆయన స్కూటరు మలుపు తిరిగేలోపు నాకోసం మనిషిని పంపాడు మాల్యాద్రి. అప్పటిదాకా నేను బజారులో అద్దాల కొట్టులో గోనెసంచి చాటున నిలబడి ఉన్నాను. ఏ దేవుడి పటానికో పోతానని నా ఆశ. వజ్రపు ములికితో నా ఒంటి మీద గీత గీసి, రెండు చేతులా పట్టుకుని టక్కున విరిచారు. నేను కోయడానికి ఒప్పుకునే జాతి. అక్కడే నా విలువా, అక్కడే నా ప్రమాదమూ.

"మూఢం ఎళ్ళాక మార్చేద్దాం" అన్నాడు మాల్యాద్రి, నన్ను బిగించే మనిషితోనూ, పక్కనే నిలబడి చూస్తున్న అక్కతోనూ. మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను వాడి కళ్ళకి ఎదురుగా ఉన్నాను, చూశాను. అబద్ధం ఆడేవాడి ముఖం కాదది.

మరి ముద్ర ఉన్న నా తోబుట్టువు ఏమైందంటారా? పారేయడానికి మనసొప్పలేదు. గల్లా పెట్టె పెట్టుకునే బల్ల మీద పరిచారు. దాని కింద వెంకటేశ్వరస్వామి పటం, లక్ష్మీదేవి క్యాలెండరు ముక్క, ఎవరెవరివో విజిటింగ్ కార్డులు. మనిషి ఒళ్ళు తగిలే చోట కాపాడడానికి నిప్పుల్లో కాలి వచ్చిన గాజు, కార్డులకి దుమ్ము పడకుండా కాపాడుతూ ఉండిపోయింది. కార్డులకో పటాలకో సరిపోయే నేను, జనం వచ్చిపోయే చోట నిలబడ్డాను.

ప్రారంభం అయిన వారానికి జానీబాషా గారు ఫోను చేశాడు.

"ఏం మాల్యాద్రీ, స్టాంపున్న గ్లాసేనా?"

"స్టాంపున్నదే సార్, నా కళ్ళముందే ఉంది" అన్నాడు మాల్యాద్రి. మోచెయ్యి ఆ ముద్ర మీదే ఆనించి ఉంది. చూశారా, ఒక్క అబద్ధం కూడా లేదు అందులో.

మొదటి శుక్రవారం నాగరత్నం పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. కొత్త తలుపుకి పసుపు రాయడం వాళ్ళ ఆనవాయితీ. నా చుట్టూ తిరిగి చూసి నవ్వింది.

"గడపా లేదు, ద్వారబంధమూ లేదు. చుట్టూరా ఉన్న ఈ ఇనప పట్టీ మీద వేలు కూడా ఆనదు. ఎక్కడ పెట్టాల్రా బొట్లు?"

"ఎందుకులే అక్కా, జనం నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ, చీరలు కొనకుండా పోతారా?"

ఇక నా మీదే పెట్టింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసగా, తన కంటి ఎత్తులో, పసుపు అద్ది దాని మీద కుంకుమ. ఆమె వేలు నాకు ఇప్పటికీ గుర్తు. చూపుడువేలి పక్కన మగ్గం పిడి రాసి రాసి కాయ కాసి, బొట్టు పెట్టేటప్పుడు సర్రున గీసుకునేది. చట్టం కంటి ఎత్తులో గుర్తు పెట్టమంది. ఆ ముక్క ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె చట్టం కోసం పెట్టనూ లేదు. కానీ ఆ పసుపు వరస ఉన్నన్నాళ్ళు నాలోకి ఎవరూ నడిచి రాలేదు. హడావిడిగా వచ్చే ఆడవాళ్ళు బొట్లు చూసి ఆగి, చెయ్యి చాచి, తలుపు తోసుకుని వచ్చేవారు. చూసి చూసి ఆమెకి కూడా అదే అలవాటైంది. బొట్లు ఉన్న చోట తలుపు, లేనిచోట దారి.

మూఢం వెళ్ళిపోయింది. ఆషాఢం తగ్గింపు అమ్మకాలొచ్చాయి. శ్రావణం, వరలక్ష్మీవ్రతం గిరాకీ, ఊపిరాడలేదు. దసరా పోనీ అనుకున్నాడు మాల్యాద్రి. దసరా పోయింది. ఎప్పుడన్నా నావైపు చూస్తే వాడి నుదురు కొంచెం ముడిపడేది. అంతలో ఎవరో "పోచంపల్లి చూపిచ్చబ్బాయ్" అనేవారు, నుదురు మళ్ళీ సాపయ్యేది. మనిషి మరిచిపోడు. గుర్తుపెట్టుకునే వాయిదా వేస్తాడు.

కార్తీకంలో పెళ్ళిళ్ళ గిరాకీ కోసం కేబుల్ టీవీలో ప్రకటన వేయిద్దామనుకున్నారు. కెమెరా అతను పొద్దున్నే వచ్చి, రోడ్డు మీద నిలబడి, కెమెరాలోంచి నన్ను చూసి పెదవి విరిచాడు.

"ఏందన్నా ఇది, షోరూమా, గ్రామదేవత గుడా? ఆ బొట్లు తీయించు. గ్లాసు నీళ్ళలాగా కనపడాలి."

మాల్యాద్రి తనే గుడ్డ తీసుకున్నాడు. అక్క పెట్టిన బొట్లు పనిపిల్ల చేత తుడిపించడానికి వాడికి మనసు రాలేదు. తడిగుడ్డతో ఒకసారి, కాగితంతో ఇంకోసారి, సబ్బునీళ్ళతో మళ్ళీ. అంత ప్రేమగా నన్నెవరూ ఎప్పుడూ తుడవలేదు. ఇనప పట్టీ అంచున, గుడ్డ మూల అందని చోట, ఒక బొట్టు సగం మాత్రం మిగిలింది. మిగతా ఒళ్ళంతా నేను లేను. నిజంగానే లేను.

నాగరత్నం లోపల మగ్గం మీద ఉంది. సగం అయిన చీర, చిలకపచ్చ మీద మామిడిపిందెల అంచు. బొట్లు తుడిచిన సంగతి ఆమెకి తెలియదు. బయట ఎండ బాగా వచ్చింది. కెమెరా అతను ఎండలో ఒక చీర పరిచి చూపిస్తే బాగుంటుందన్నాడు. మాల్యాద్రి రోడ్డు మీంచే చెయ్యి ఊపుతూ పిలిచాడు.

"అక్కా, ఆ ఎర్రచీర పట్రా. తొందరగా రా, ఎండ పోద్ది."

ఆమె లేచింది. ఎర్రచీర కుడిచేతి మీద వేసుకుంది. తమ్ముడి పని అంటే ఆమెకి ఎప్పుడూ కాలు నిలవదు. దాదాపు పరుగే. లోపల నీడ, బయట ఎండ, ఎండలో నవ్వుతూ తమ్ముడు. అందిస్తున్నట్టుగా కుడిచెయ్యి ముందుకి చాచింది. ఆమె నన్ను చూడలేదు. తమ్ముణ్ణి చూసింది.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పలేను. నేనే అది. పై సగం కత్తిలాగా జారి కిందికి దిగింది. మణికట్టు లోపలివైపు. నాగరత్నం అరవలేదు. నేల మీద చీరని చూసి, "మరకయిద్దిరా, తియ్యి ముందు" అంది. ఎర్రచీర మీద ఏది మరకో ఎవరికి తెలుస్తుంది? మాల్యాద్రి ఆ చీరతోనే చెయ్యి చుట్టి, ఎత్తుకుని ఆటోలో పడ్డాడు. కెమెరా అతను కెమెరా ఆపలేదని తర్వాత ఎవరో చెప్పుకున్నారు.

నన్ను చీపురుతో ఊడ్చి గోనెసంచిలో పోశారు. ఆ సంచి దొడ్డిలో నాగరత్నం ఇంటి గోడ పక్కన పడింది. అక్కడినుంచే మిగతాదంతా చూశాను, విన్నాను.

ఊరు ఊరంతా వచ్చి కారణాలు చెప్పిపోయింది. నరదిష్టి అన్నారు. గుమ్మడికాయ కట్టలేదు కాబట్టి అన్నారు. శేషాచారి గారు వచ్చి, "ఇంకో రెండు వేళ్ళు తగ్గించాల్సిందేమో" అని గొణిగి వెళ్ళారు. ఒక్కరూ నా పేరెత్తలేదు. చివరగా జానీబాషా గారు వచ్చాడట. ఖాళీ ద్వారం చూశాడు, కొట్టులోకి నడిచాడు, గల్లా బల్ల దగ్గర ఆగాడు. మాల్యాద్రి మోచేతిని తన చేత్తో పక్కకి జరిపి ఆ ముద్ర మీద వేలు పెట్టాడు.

"స్టాంపున్నదే అన్నావు గదా."

"ఉంది గదా సార్..." అన్నాడంట మాల్యాద్రి. పనిపిల్ల దొడ్డిలో వాళ్ళమ్మకి చెబుతుంటే విన్నాను.

గుంటూరు ఆసుపత్రిలో నరాలు కలిపి కుట్టారు. చెయ్యి నిలబడింది. బొటనవేలూ చూపుడువేలూ కాస్త కదులుతాయి. మిగతా మూడూ ముడుచుకోవు. అన్నం ముద్ద కలుపుకోవడానికి ఎడమచేతిని అలవాటు చేసుకోమన్నారు. మగ్గం సంగతి వాళ్ళు ఎత్తలేదు, ఆమె అడగలేదు.

ఇంటికొచ్చిన సాయంత్రం నాగరత్నం దొడ్డిలో నులకమంచం మీద కూర్చుంది. కట్టు ఒళ్ళో పెట్టుకుంది. మాల్యాద్రి వచ్చి కింద, నేల మీద కూర్చున్నాడు.

"మూఢం ఎప్పుడు పోయిందిరా?" అని అడిగింది.

మాల్యాద్రి తల ఎత్తలేదు. "శ్రావణానికి ముందేనక్కా."

"అవునా." కట్టు సర్దుకుంటూ, "మారుస్తానన్నావు గదా, మార్చలేదంటే ఇంకా పోలేదేమోలే అనుకున్నా" అంది.

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. వాడు ఆమె పాదాల దగ్గర తల పెట్టి, చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు. ఆమె నిమరబోయి కుడిచెయ్యి ఎత్తింది, మళ్ళీ దించి, ఎడమచేత్తో నిమిరింది.

తర్వాత కొత్త తలుపు వచ్చింది. మూలన ముద్ర ఉన్నదే. ఈసారి ఎవరూ ముహూర్తం చూడలేదు. కంటి ఎత్తులో తెల్లటి పట్టీ కూడా అంటించారట. దొడ్డి గోడ ఎత్తు పెంచుతూ మేస్త్రి గోనెసంచి విప్పి, నా ముక్కలు గోడ నెత్తిన గుచ్చాడు. అరబొట్టు మిగిలిన ముక్కని నేను. నా పదునుకి చివరికి తగిన ఉద్యోగమే దొరికింది. ఇక్కడ కోయడమే నా పని, కోస్తానని అందరికీ తెలుసు.

శుక్రవారం శుక్రవారం నాగరత్నం దొడ్డివాకిట్లో నిలబడి, కొట్టులో ఉన్న తమ్ముడికి వినపడేలా కేకేస్తుంది: "బొట్లు పెట్టావా?" లోపల్నుంచి "పెట్టానక్కా" అని వస్తుంది. "కిందికి పెట్టు. నీ ఎత్తుకి గాదు, ఆడోళ్ళ ఎత్తుకి" అంటుంది. కానీ తను ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళిందని నేను ఇంతవరకు వినలేదు.

మగ్గం మీద మిగిలిపోయిన ఆ చిలకపచ్చ చీరని పక్కవీధి వజ్రమ్మ వచ్చి పూర్తిచేసింది. మంచి పనిమంతురాలు. అయినా మగ్గం మీద ఎవరి దెబ్బ వాళ్ళది కదా, చెయ్యి మారితే నేతలో తెలిసిపోతుంది. మొన్న దాన్ని దొడ్డిలో తీగ మీద ఆరేశారు. వెనకనుంచి ఎండ పడుతుంటే, చీరకి అడ్డంగా, సగంలో, సన్నటి గీత. ఇటువైపు నేత ఒత్తుగా, అటువైపు కొంచెం వదులుగా.

"దీన్ని అమ్మనక్కా, బీరువాలో దాస్తా" అన్నాడు మాల్యాద్రి.

"చీరని దాస్తారంట్రా? అమ్ము. కొనేవాళ్ళకి ఈ గీత చూపిచ్చి, ఇక్కడ చెయ్యి మారిందమ్మా అని చెప్పి అమ్ము. చూపియ్యకుండా మాత్రం అమ్మబాకు."

వాడు తలూపి కొట్టులోకి పోయాడు.

ఆమె ఒక్కతే మిగిలింది. చీర దగ్గరికి నడిచి, గీత వెతికి, దాని మీద చూపుడువేలు ఆనించి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించింది. బొట్లు పెట్టినప్పుడు నా మీద నడిపించినట్టే. తర్వాత చీర తీసి మడత పెట్టబోయింది. కుడిచేత్తో అంచు పట్టుకుంది. పట్టుకున్నాననుకుంది. వేళ్ళు ముడుచుకోలేదు, చీర జారి కాళ్ళ మీద పడింది. ఎవరన్నా చూశారేమోనని గబుక్కున చుట్టూ చూసింది. కొట్టు వైపు, వీధి వైపు, గోడ వైపు.

అంతకు ముందటి వానకే నా మీది అరబొట్టు కొట్టుకుపోయింది. ఆమె చూపు నాలోంచి అవతలికి వెళ్ళిపోయింది. ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, కింద కూర్చుని, ఎడమచేత్తో చీరని కొంచెం కొంచెంగా ఒళ్ళోకి లాక్కుంది.